పాటలో మాట వినపడాలంటే

రెండో సంవత్సరం అయిపోయాక వేసవిలో ఇంటర్న్‌షిప్ చేశాను. మొదటి స్టైపెండ్ రాగానే నాన్నకి పాటలు వినడానికి ఒక సెట్ కొన్నాను. కింద పెట్టుకునే పెద్ద సబ్‌వూఫర్ డబ్బా ఒకటి, చేతిలో ఇమిడే చిన్న స్పీకర్లు రెండు. ముందు భాగంలో బంగారు రంగు స్టిక్కరు మీద "1000 వాట్స్ పి.ఎం.పి.ఓ." అని ఉంది. షాపులో కొత్త సినిమా పాట పెడితే గుండెల్లో దడదడలాడింది. ఇంకేం కావాలి, కొనేశాను.

ఇంట్లో టీవీ బల్ల కింద, మూలకి నెట్టి పెట్టాం. నాన్న పాత పాటలు పెట్టుకుని రెండు రోజులు విన్నారు. మూడో రోజు మెల్లగా అన్నారు: "బాగానే ఉంది గానీ, ఏం పాడుతున్నారో మాట తెలియట్లేదురా." నేను నవ్వుతూ "వయసు నాన్నా, చెవులు కొంచెం తగ్గుంటాయి" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. దసరాకి ఇంటికెళ్తే సెట్ మీద గుడ్డ కప్పి ఉంది. నాన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని, సౌండు తగ్గించుకుని వింటున్నారు. ఫోన్లో తెలిసే మాట వెయ్యి వాట్ల డబ్బాలో తెలియకపోతే లోపం ఎక్కడున్నట్టు?

ఆ ప్రశ్నకి సమాధానం మనం పరీక్షల కోసం చదివి మర్చిపోయిన పాఠాల్లోనే దొరికింది. మీలో ఎవరైనా మొదటిసారి ఇంటికి స్పీకర్లు కొనాలనుకుంటుంటే ఈ వ్యాసం మీ కోసం. ఫీజు నేను కట్టేశాను, పాఠం మీరు తీసుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది

"ఏ బ్రాండు మంచిది?" అని అందరూ అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఏం వింటారు? ఎంత దూరంలో కూర్చుని వింటారు? ఏ గదిలో వింటారు?

మనది సాహిత్య క్లబ్బు కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు చెప్తాను: పాటలో సాహిత్యం వినపడాలి. తెలుగులో మాట తేడా అంతా సన్నటి ధ్వనుల్లో ఉంటుంది. "కల"కీ "కళ"కీ తేడా ఒక్క ళకారం. స, శ, ష మూడూ మూడు రకాల గాలి. ఈ తేడాల్ని పట్టించే ధ్వనులు చాలావరకు 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, వాటిలో శక్తి కూడా తక్కువే. గొంతులోని బరువు మాత్రం కింద, 100 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన చెవికి ఒక స్వభావం ఉంది: కింది శ్రుతిలో గట్టి శబ్దం ఉంటే అది తన పైనున్న సన్నటి శబ్దాల్ని కప్పేస్తుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. బేస్ మోతమోగితే హల్లులు మునిగిపోతాయి. మా నాన్నకి జరిగింది అదే. చెవి తగ్గలేదు, డబ్బా కప్పేసింది.

వాట్ల లెక్క

పి.ఎం.పి.ఓ. అంటే క్షణంలో చిన్న భాగం పాటు రాగలదని చెప్పుకునే శక్తి. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి లేదు. అమ్మేవాడు ఎంత రాసుకుంటే అంత. చూడాల్సింది ఆర్.ఎం.ఎస్. లేదా "కంటిన్యుయస్" అని రాసిన వాట్లు.

నేను చూడాల్సిన ఇంకో చోటు డబ్బాతో వచ్చిన అడాప్టరు. దాని మీద "19 వోల్టులు, 3 ఆంపియర్లు" అని ఉంది. గుణిస్తే 57 వాట్లు. గోడలోంచి 57 వాట్లు తీసుకునేది గాల్లోకి ఆగకుండా 1000 వాట్లు ఎలా ఇస్తుంది? శక్తి నిత్యత్వ నియమం ఏడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. స్టిక్కరు చూసి ఇంజినీరింగ్ విద్యార్థి మర్చిపోయాడు.

సరే, నిజంగా ఎన్ని వాట్లు కావాలి? స్పీకరు కాగితం మీద సెన్సిటివిటీ అని ఉంటుంది. ఉదాహరణకి 86 డెసిబెల్స్ అంటే, ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ శబ్దం వస్తుందని. మనం 2 మీటర్ల దూరంలో కూర్చుంటే, ఆరుబయట అయితే 6 డెసిబెల్స్ తగ్గి 80 అవుతుంది. గదిలో గోడలు కొంత తిరిగిస్తాయి కాబట్టి అంతకూడా తగ్గదు. రెండు స్పీకర్లు కలిస్తే సుమారు 3 పెరుగుతుంది. అంటే ఒక్కో స్పీకరుకి అర వాటు ఇస్తేనే 80 డెసిబెల్స్ వస్తోంది. ఇంట్లో శ్రద్ధగా పాట వినడానికి అది చాలా ఎక్కువే. మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు సగటు కన్నా 17 డెసిబెల్స్ పైకి లేచిందనుకుందాం. 17 డెసిబెల్స్ అంటే 50 రెట్లు. అర వాటుకి 50 రెట్లు 25 వాట్లు. మామూలు గదికి ఒక్కో వైపు 25, 30 నిజమైన వాట్లు ఉంటే సరిపోతుంది.

ఇంకో మాట గుర్తుంచుకోండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి "రెట్టింపు గట్టిగా" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల వాట్లు కావాలి. 50 వాట్ల ఆంప్లిఫయరు బదులు 100 వాట్లది కొనడానికి ఇంకో ఐదారు వేలు పెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. 84 డెసిబెల్స్ స్పీకరు బదులు 90 డెసిబెల్స్ స్పీకరు తీసుకుంటే అదే శబ్దానికి నాలుగో వంతు వాట్లు చాలు.

కాగితం చదవడం

"20 నుంచి 20,000 హెర్ట్జ్" అని ప్రతి డబ్బా మీదా ఉంటుంది. పక్కన "ప్లస్ లేదా మైనస్ 3 డెసిబెల్స్" లాంటి హద్దు లేకపోతే దానికి అర్థం లేదు. 20 హెర్ట్జ్ దగ్గర చీమ నడిచినంత శబ్దం వచ్చినా అలాగే రాసుకోవచ్చు. "55 నుంచి 20,000 హెర్ట్జ్, ప్లస్ లేదా మైనస్ 3" అని నిజాయితీగా రాసిన చిన్న స్పీకరు, హద్దు చెప్పని పెద్ద డబ్బా కంటే నమ్మదగ్గది.

ఆంప్లిఫయరు విడిగా కొంటే ఇంపెడెన్స్ చూడండి. ఆంప్లిఫయరు వెనక "8 ఓమ్‌లు" అని మాత్రమే ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలించకండి. కరెంటు రెట్టింపు లాగుతుంది, వేడెక్కి ఆగిపోవచ్చు, కాలిపోవచ్చు కూడా.

ఈ కాగితం వెనక ఉన్న శాస్త్రానికి కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ పేరు తెలుసుకోవాలి. ఆయన మనుషుల్ని తెర ముందు కూర్చోబెట్టి, తెర వెనక స్పీకర్లు మార్చి మార్చి వినిపించి, ఎవరికి ఏది నచ్చిందో రాసుకున్నాడు. తేలిందేమిటంటే, కనపడకుండా వింటే ఎక్కువమందికి నచ్చేది ఒకే రకం: ఎదురుగా అన్ని శ్రుతుల్నీ సమంగా ఇచ్చేది, పక్కలకి వెళ్ళే శబ్దం కూడా ఎగుడుదిగుళ్ళు లేకుండా ఉండేది. ఆ తర్వాత హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ప్రచురించిన ప్రయోగంలో, అవే స్పీకర్లు కంటికి కనపడేలా పెడితే జనం ఇచ్చిన మార్కులు మారిపోయాయి. పెద్దగా, ఖరీదుగా కనపడితే చెవి కూడా ఒప్పేసుకుంటుంది. నేను స్టిక్కరుకి పడిపోయింది కూడా ఈ జబ్బుతోనే.

గది కూడా పాడుతుంది

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. నా డబ్బు పోయింది డబ్బాలో అయితే, నాన్న పాట పోయింది గదిలో.

ఎదురెదురు గోడల మధ్య శబ్దం నిలువు తరంగాలుగా నిలబడుతుందని చదువుకున్నాం. మొదటి తరంగం శ్రుతి: ధ్వని వేగాన్ని గది పొడవుకి రెండింతలతో భాగించాలి. వేగం సెకనుకి 343 మీటర్లు. మా హాలు 12 అడుగులు, 10 అడుగులు. 12 అడుగులు అంటే 3.66 మీటర్లు, 47 హెర్ట్జ్ వస్తుంది. 10 అడుగులు 3.05 మీటర్లు, 56 హెర్ట్జ్. మా స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే, అదీ 56. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 56 దగ్గర రెండు తరంగాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాని రెట్టింపు 112 దగ్గర మళ్ళీ అదే గొడవ. తబలా డగ్గా, మగ గొంతులోని అడుగు శ్రుతి అన్నీ ఆ చుట్టుపక్కలే.

ఈ తరంగాల ఒత్తిడి గోడల దగ్గర, మూలల్లో ఎక్కువ, మొదటి తరంగానిదైతే గది నడిమధ్యలో తక్కువ. డబ్బాని మూలకి నెట్టామంటే గదిలోని అన్ని తరంగాల్నీ లేపినట్టు. నాన్న కుర్చీ ఎదురుగోడకి ఆనించి ఉంది, అంటే మోత ఎక్కువుండే చోటే కూర్చున్నారు. పైగా మన ఇళ్ళు ఇటుక, సిమెంటు, కింద టైల్స్. శబ్దాన్ని మింగే వస్తువు ఏమీ లేదు. చప్పట్లు కొట్టి చూడండి. "టంగ్" మని తోక వినిపిస్తే మీ గది కూడా అంతే.

సంక్రాంతి సెలవుల్లో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేసినవి ఇవి:

1. సబ్‌వూఫర్‌ని మూలలోంచి బయటికి లాగాను. ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. డబ్బాని నాన్న కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, నేను గదిలో నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ విన్నాను. బేస్ సమంగా, మోత లేకుండా వినపడిన చోట డబ్బాని పెట్టాను. అమ్మ "వీడికేమైందో" అంది గానీ పని జరిగింది.

2. దాని వెనక ఉన్న బేస్ మీటని సగానికి పైగా తగ్గించాను.

3. చిన్న స్పీకర్లు రెండిటినీ టీవీ బల్ల కింద నుంచి తీసి, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి తెచ్చాను. రెండిటి మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి కుర్చీకి దాదాపు అంతే దూరం. సమబాహు త్రిభుజం.

4. కుర్చీని గోడ నుంచి మూడడుగులు ముందుకి జరిపాను.

5. నేల మీద జంపఖానా పరిచాం. పక్కగోడ దగ్గరికి పుస్తకాల బీరువా జరిపి, తలుపులు తీసి ఉంచాం.

గుడ్డలూ జంపఖానా పై శ్రుతుల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, బేస్ మోతని తగ్గించలేవు. బేస్‌కి మందపాటి పరుపులు, సోఫాలు కొంత పనికొస్తాయి. అసలు మందు మాత్రం స్పీకరునీ కుర్చీనీ జరపడమే. కోడిగుడ్ల అట్టలు గోడకి అంటించే పని పెట్టుకోకండి, దుమ్ము తప్ప ప్రయోజనం లేదు. కొలిచి చూసుకోవాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక కొలత మైకు ఉంటే గది తరంగాలు గ్రాఫులో గుట్టల్లా కనపడతాయి. సిగ్నల్స్ ల్యాబ్‌లో చూసిన స్పెక్ట్రమ్ మీ ఇంటి హాల్లోది అయితే ఆ ఆనందమే వేరు.

ఇప్పుడు కొనేవాళ్ళు ఏం చేయాలి

డబ్బుని ఈ వరసలో పెట్టండి: మొదట స్పీకర్లు, తర్వాత వాటిని సరిగ్గా నిలబెట్టడం, తర్వాత గది, ఆ తర్వాత ఆంప్లిఫయరు, చివర్లో మిగతావి. కారణం సులువు. ఈ రోజుల్లో మామూలు ఆంప్లిఫయర్ల మధ్య, వాటి శక్తి దాటనంతవరకు, తేడా చాలా చిన్నది. స్పీకరుకీ స్పీకరుకీ మధ్య తేడా పసిపిల్లకి కూడా తెలుస్తుంది.

హాస్టల్ గదికైనా చిన్న హాలుకైనా కొత్తవాళ్ళకి నేను చెప్పేది లోపలే ఆంప్లిఫయరు ఉన్న యాక్టివ్ స్పీకర్ల జత. పదీ ఇరవై వేల మధ్య మంచివే దొరుకుతాయి. జత కుదిరిందా లేదా అన్న బెంగ ఉండదు. నాలుగు నుంచి ఐదంగుళాల వూఫరు ఉంటే గొంతు నిండుగా వస్తుంది. అదే డబ్బుకి ఐదు స్పీకర్ల సెట్ ఇస్తామంటే వద్దనండి. ఒకే బడ్జెట్‌ని ఐదు ముక్కలు చేస్తే ప్రతి ముక్కా చిన్నదే. తర్వాత పెంచుకుంటూ పోవాలన్న ఆలోచన ఉంటే విడి స్పీకర్లు, విడి ఆంప్లిఫయరు తీసుకోండి.

పాతవి కొంటే వూఫరు చుట్టూ ఉన్న అంచుని వేలితో మెల్లగా నొక్కి చూడండి. ఫోమ్ అంచులు పది పదిహేనేళ్ళకి పొడిపొడిగా రాలిపోతాయి, రబ్బరువి ఎక్కువ కాలం నిలుస్తాయి. వాల్యూమ్ మీట తిప్పుతుంటే గరగర వస్తే ధర తగ్గించమనండి.

వినడానికి వెళ్ళేటప్పుడు మీ పాటలు మీరే తీసుకెళ్ళండి. నా జాబితా ఇలా ఉంటుంది. ఒకటి, 1957 నాటి "మాయాబజార్" లాంటి పాత సినిమాలోని పాట. అప్పటి ధ్వనిముద్రణ మోనో. రెండు స్పీకర్ల మధ్య కూర్చుంటే గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి, ఒక మనిషి నిలబడి పాడుతున్నట్టు రావాలి. పక్కకి జరిగినా, రెండు వైపులకీ చెదిరినా స్పీకర్లలోనో, అమరికలోనో లోపం ఉన్నట్టు. రెండు, తంబురా బాగా వినపడే కచేరీ. నాలుగు తీగలే అయినా పైశ్రుతుల గుంపు తేనెటీగల్లా రావాలి. రేకు డబ్బా మోతలా వస్తే వద్దు. మూడు, మృదంగం. కుడివైపు చాపు, ఎడమవైపు గుమికీ వేర్వేరుగా తెలియాలి. నాలుగు, మీరెప్పుడూ వినని పాట. పక్కన కాగితం పెట్టుకుని ఒక చరణం రాసుకోండి. ఎన్ని మాటలు పట్టుకోగలిగారన్నదే మార్కులు.

రెండు స్పీకర్లని పోల్చేటప్పుడు రెండిటి శబ్దమూ సమంగా పెట్టమని పట్టుబట్టండి. ఒక డెసిబెల్ ఎక్కువున్నా అదే "బాగుంది" అనిపిస్తుంది. షాపుల్లో అమ్ముడుపోవాల్సినదాన్ని కొంచెం గట్టిగా పెట్టడం కొత్త విద్యేమీ కాదు.

వైర్ల మంత్రాలు

కొన్నాక ఎవరో ఒకరు వచ్చి "వైర్లు మార్చు, సంగీతం విచ్చుకుంటుంది" అంటారు. ఓమ్ సూత్రం ఉంది కదా. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకి సుమారు 0.012 ఓమ్‌లు. స్పీకరు 3 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 6 మీటర్లు, 0.07 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అది ఒక శాతం లోపు. శబ్దంలో తగ్గేది డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. ఎలక్ట్రికల్ షాపులో మీటరు లెక్కన అమ్మే రాగి తీగ చాలు. చూడాల్సింది ఒక్కటే: రెండు స్పీకర్లకీ ఎరుపు ఎరుపుకీ, నలుపు నలుపుకీ కలిసిందా అని. ఒకదానికి తిరగబడితే బేస్ మాయమై, గొంతు మధ్యలోంచి చెదిరిపోతుంది.

అయినా నమ్మకం కుదరకపోతే గొడవపడకండి, పరీక్ష పెట్టండి. స్నేహితుడు నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసూ చూసి, మీకు కనపడకుండా వైరు మార్చాలి. మీరు ఏ వైరో చెప్పాలి. పదిసార్లు. గుడ్డిగా చెప్పినా ఐదు ఒప్పవుతాయి. తొమ్మిది గానీ పది గానీ ఊరికే ఒప్పయ్యే అవకాశం 1024లో 11, అంటే ఒక శాతం. తొమ్మిది వస్తే ఆ వైరు కొనుక్కోండి, నేను టీ ఇప్పిస్తాను.

ఫైళ్ళ విషయమూ ఇంతే. 1982లో వచ్చిన సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. నైక్విస్ట్ ప్రకారం 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, మన చెవి హద్దు 20. అంతకు మించిన ఫైళ్ళకి డబ్బు కట్టే బదులు మంచి ధ్వనిముద్రణలు వెతుక్కోండి.

చెవి ఒక్కసారే ఇస్తారు

పని చోట్లలో శబ్దానికి అమెరికా సంస్థ ఎన్.ఐ.ఓ.ఎస్.హెచ్. సూచించే హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ ఉంచుకోండి. కచ్చితంగా ఉండదు గానీ హెచ్చరికకి పనికొస్తుంది. చెవిలో పోయిన సన్నటి రోమకణాలు మళ్ళీ రావు, వాటికి స్పేర్ పార్టులు లేవు.

సంక్రాంతికి గది సర్దాక నాన్నని కూర్చోబెట్టి అదే పాత పాట పెట్టాను. రెండో చరణంలో చెయ్యెత్తి ఆపమన్నారు. "ఈ మాట ఇదా! ఇన్నాళ్ళూ వేరే ఏదో అనుకున్నాను" అని మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకున్నారు. తర్వాత ఆయనకి వినికిడి పరీక్ష కూడా చేయించాను. ఆ వయసుకి మామూలుగా తగ్గేంతే తగ్గింది అన్నారు. ఆ రిపోర్టు చూపించి "నాన్నా, ఆ రోజు అలా అనాల్సింది కాదు" అన్నాను. "సరేలే, ఆ సౌండు కొంచెం తగ్గించు" అన్నారు.

ఆ వెయ్యి వాట్ల డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంది. ఉద్యోగం వచ్చాక మంచి జత కొనాలి. అప్పటిదాకా దాని బేస్ మీట సగం కిందే ఉంటుంది. మీరు కొనేముందు మాత్రం టేపు తీసుకుని మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకోండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.